రెండో దేవుడి చీటీ

"ప్రోగ్రాం రాసింది నువ్వు. అది ఆగింది సోమవారం. కాంటా కాటయ్య సచ్చింది సోమవారం. ఇగ ఎస్సైకి నేనేమని చెప్పాలె లక్ష్మణ్?"

పిల్లవాడు తలెత్తలేదు. పిల్లవాడంటే ఇరవై మూడేళ్లు. గరిడేపల్లిలో గొర్లు కాసే ఇంట్లో పుట్టి, కోదాడలో డిగ్రీ చేసి, మిర్యాలగూడ రైస్ మిల్లుల చుట్టూ తిరుగుతూ చిన్న చిన్న ప్రోగ్రాంలు రాసిపెట్టి బతుకుతున్నాడు. నిన్న సాయంత్రం పట్టుకొచ్చారు. ఇవాళ మధ్యాహ్నం మూడింటికి మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. ఆ తర్వాత జైలు. నేను ఏం చేసినా ఆ మూడింటి లోపే చేయాలి.

"నేనేం చెయ్యలే మేడం" అన్నాడు చివరికి. "కానీ కాటయ్య మామ నా వల్లనే సచ్చిండు."

నాకు ఒళ్లు మండింది. "ఆ రెండో ముక్క ఈ స్టేషన్ల ఇంకెవరితోనన్నా అన్నవా?"

"అందరితోని అన్న."

ఇలాంటివాళ్లను కాపాడటం కన్నా దొంగలను కాపాడటం నయం. దొంగ కనీసం నోరు మూసుకుంటాడు.

నా పేరు సరోజన. సూర్యాపేటలో ఒకప్పుడు కంప్యూటర్ ఇనిస్టిట్యూట్ నడిపాను. అది మూతబడ్డాక అదే గదికి డిటెక్టివ్ బోర్డు తగిలించాను. వచ్చేవన్నీ పెళ్లి సంబంధాల ఎంక్వైరీలే. పిల్లగాడు తాగుతాడా, పిల్లకు ముందే ఎవరన్నా ఉన్నారా, ఇదే గోల. నిన్న రాత్రి లక్ష్మణ్ తల్లి ఉప్పలమ్మ వచ్చి నా గడపలో కూర్చుంది. "నా కొడుకు గొర్రెపిల్లను కొయ్యమంటెనే ఏడుస్తడు సెల్లె, మనిషినెట్ల సంపుతడు?" అంది. లేచి వెళ్లమన్నా వెళ్లేలా లేదు. అలా ఒప్పుకున్న కేసు ఇది.

"సక్కగ చెప్పు. సోమవారం ఏమైంది?"

"పొద్దు మునిగినంక మామ ఫోన్ చేసిండు. 'నీ ప్రోగ్రాం ఆగింది, ఏందో ఇంగ్లీషుల వస్తున్నది' అని కూడబలుక్కొని సదివిండు. స్ట్రింగ్ ఇండెక్స్ అవుట్ ఆఫ్ రేంజ్. జర జల్ది రా అన్నడు. బండేస్కొని పోయిన. మిల్లు గేటుకు తాళం. ఫోన్ చేస్తే ఎత్తలే. వాపస్ వచ్చిన."

తెల్లారి, ఆ మిల్లులో లారీలు తూచే కాంటా నడిపే కాటయ్య శవం అక్కడే వడ్లు పోసే గుంతలో దొరికింది. తల వెనక దెబ్బ. చివరి ఫోన్ లక్ష్మణ్‌కే. గేటు ముందు లక్ష్మణ్‌ను ఇద్దరు చూశారు. పోలీసులను తప్పు పట్టలేను, నేనైనా ముందు వీణ్నే పట్టుకునేదాన్ని.

"నాలుగు నెలల నుంచి నడిచే ప్రోగ్రాం ఆ రోజే ఎందుకు ఆగింది?"

"కాంటా మిషన్ ప్రతి తూకానికి టెక్స్ట్ ఫైల్ల ఒక లైను రాస్తది మేడం. రోజుకో ఫైలు. నా ప్రోగ్రాం ఒక్కొక్క లైను తీసుకొని మొదటి అక్షరం సూస్తది. ఎల్ ఉంటే లోడు బండి, కె ఉంటే ఖాళీ బండి. అట్ల మొత్తం లెక్క గడ్తది."

"ఖాళీ లైనొస్తే?"

"మొదటి లైను ఎప్పుడూ ఖాళీనే. దేవుని చీటీ గదా."

నేను అర్థం కానట్టు చూశాను. వాడు మొదటిసారి తల ఎత్తాడు.

"ఆ మిల్లుల మిషన్ ఆన్ చెయ్యంగనే, బండి ఎక్కకముందే ఉత్త కాంటాకు ఒక చీటీ కొడ్తరు. బండి నంబరుండది, బరువుండది. తొలి తూకం దేవునిదంట. ఆ చీటీ లక్ష్మీదేవి పటం కాడ పెడ్తరు. మిల్లు ఓనరు నాగేశ్వర్ రావు సారు వాళ్ల నాయిన కాలం నుంచి గిదే పద్ధతి. అది కొట్టకుండ కాంటా ముట్టుకోరు. ఫైల్ల అది ఖాళీ లైనైతది. అందుకే మొదటి లైను దాటేసి రెండోదాని నుంచి సదివేటట్టు రాసిన. నడుమ ఇంకో ఖాళీ లైను వస్తదనుకోలే." మళ్లీ తల దించుకున్నాడు. "ఖాళీ లైనుంటే వదిలెయ్యి అని ఒక్క ముక్క రాస్తే ప్రోగ్రాం ఆగకపోవు. మామ గాడ ఆగకపోవు."

నాకు వాడి మీద జాలి కలిగింది, దాచుకోవడం దేనికి. కానీ అంతకన్నా ముందు ఒక అనుమానం కలిగింది. మిషన్ పొద్దున ఒక్కసారే ఆన్ చేస్తారు. మరి రెండో ఖాళీ లైను ఎక్కడి నుంచి వస్తుంది?

మిల్లు గేటుకు ఎదురుగా దుర్గమ్మ చాయ్ హోటల్ ఉంది. ఉప్పలమ్మను నా స్కూటీ వెనక ఎక్కించుకుని నేరుగా అక్కడికే వెళ్లాను.

"సోమవారం కాటయ్య ఇక్కడికొచ్చిండా అక్కా?"

"రాకేం. ఏడు గొట్టంగ కాంటా బంద్ చేసి, లెక్క చూసుకొని వచ్చి ఈ బల్ల మీదనే కూసున్నడు" అంది దుర్గమ్మ గ్లాసులు కడుగుతూ. "ఇద్దరం ముచ్చట పెట్టుకుంటున్నం. అంతల ఒక లారీ లోపలికి పోయింది. జరసేపటికి బయటికొచ్చి మిల్లు వెనకదిక్కు మళ్లింది. కాటయ్య పరేషానైండు. 'నేను బంద్ చేసొచ్చిన, గదిల లైటెట్ల వెలుగుతున్నది' అనుకుంట లేచి పోయిండు. చాయ్ సగమే తాగిండు."

"లారీ లోపలికి పోయినప్పుడు కాటయ్య నీ దగ్గరనే ఉన్నడా? ఒట్టేనా?"

"నా కండ్ల ముందు. ఎవరడిగినా చెప్త. అడిగినోళ్లు లేరు."

గ్లాసు కింద పెట్టేశాను. చాయ్ బాగానే ఉంది, నాకే దిగలేదు. కాటయ్య ఏడింటికి లెక్క చూసుకున్నప్పుడు ప్రోగ్రాం బాగానే నడిచింది. లేకపోతే అప్పుడే లక్ష్మణ్‌కు ఫోన్ చేసేవాడు. తర్వాత అతను హోటల్లో ఉండగా ఎవరో కాంటా మళ్లీ తెరిచారు.

కాంటా గదిలో జవహర్ అప్పటికే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. కోదాడ జవహర్ నా వృత్తిలోనే ఉన్నాడు. నాలుగేళ్లుగా నా నోటి దగ్గరి కేసులన్నీ వాడే లాక్కుంటున్నాడు. మిల్లువాళ్లు ఈ కేసుకు వాణ్ని పెట్టుకున్నారు. లోడ్లు కాజేయడానికి లక్ష్మణే ప్రోగ్రాంలో తప్పు పెట్టాడని, కాటయ్య కనిపెట్టాడని, అందుకే చంపాడని ఎస్సైకి నూరిపోసింది వాడే.

"రండి మేడమ్, మీ కోసమే చూస్తున్నా. ఎస్సైగారు మీకో గంట టైమిచ్చారు. మీరేం చేస్తారో పక్కనుండి చూడమన్నారు. కంప్యూటర్లో ఏదీ చెరపకుండా."

"చెరిపేటోళ్లు వేరే ఉన్నరు లే. జరుగు."

సోమవారం ఫైలు మీద ప్రోగ్రాం నడిపాను. ఆగింది. తెర మీద అదే మాట, స్ట్రింగ్ ఇండెక్స్ అవుట్ ఆఫ్ రేంజ్.

"చూశారా! సరిగ్గా హత్య జరిగిన రోజే చచ్చింది. ఇంకేం సాక్ష్యం కావాలండీ?"

"ఈ ప్రోగ్రాం రాసిన పైథాన్ భాష పిచ్చిది కాదు జవహర్. ఎక్కడ ఆగిందో, దేని కోసం వెతికిందో అదే చెప్తది, మనం సదవాలె అంతే. ఇదుగో, లైను మొదటి అక్షరం అడిగిన కాడ ఆగింది. పన్నెండో అక్షరం అడిగి ఆగితే లైను పొట్టిగ ఉన్నదనుకోవచ్చు. మొదటి అక్షరమే లేదంటే ఆ లైన్ల అసలేమీ లేదు."

"అంతేగా! ఏ టెక్స్ట్ ఫైలైనా చివర్లో ఓ ఖాళీ లైను ఉంటుంది. దానికే ఇంత రాద్ధాంతమా? ఖాళీ లైనుంటే వదిలేయమని ఓ ముక్క చేర్చండి, ఎర్రర్ పోద్ది."

వాడికి కొంచెం తెలుసు. కొంచెం తెలిసినవాడితోనే తంటా.

"ఎర్రర్ పోతది. దాంతోపాటు అది చూపించేది కూడ పోతది. ఆ లైను చివర్ల ఉన్నదో నడుమ ఉన్నదో ముందు చూద్దాం."

లక్ష్మణ్ ప్రోగ్రాంను ముట్టుకోకుండా పక్కన దాని నకలు తీశాను. ప్రతి లైను చదివేటప్పుడు దాని నంబరు, దాని లోపల ఏముందో కొటేషన్ గుర్తుల మధ్య తెర మీద వేసేలా రెండు ముక్కలు చేర్చాను. నడిపాను. లారీ నంబర్లు వరుసగా దిగాయి. ఆఖరున ఒక నంబరు, దాని పక్కన రెండు కొటేషన్ గుర్తులు, మధ్యన ఏమీ లేదు. అక్కడ ఆగింది.

తర్వాత అసలు ఫైలునే తెరిచాను. ఆ ఖాళీ లైను చివరిది కాదు. దాని కింద ఇంకో లైను ఉంది. ఎల్, ఒక లారీ నంబరు, బరువు, సాయంత్రం ఏడూ నలభై. ఏడు గంటలకు బంద్ చేసిన కాంటా మీద ఏడూ నలభైకి ఒక లోడు లారీ ఎక్కింది. ప్రోగ్రాం ఖాళీ లైను దగ్గరే ఆగిపోవడంతో దీన్ని ఎవరూ చదవలేదు.

జవహర్ కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. నవ్వు మాత్రం పోలేదు. "కాటయ్యే మళ్లీ తెరిచుంటాడు."

"ఆ లారీ లోపలికొచ్చినప్పుడు కాటయ్య దుర్గమ్మ హోటల్ల చాయ్ తాగుతున్నడు. నువ్వు అడిగినవా ఆమెను?"

వాడు తెర మీది ఆ లైనును మళ్లీ చదువుకున్నాడు.

"లారీ డ్రైవర్ దేవుని చీటీ కొట్టడు. వానికా పట్టింపు లేదు. దొంగలోడు తూచుకునేటప్పుడు కూడ తొలి తూకం దేవునికియ్యకుండ ఉండలేనోళ్లు కొట్టిన్రు. గట్ల ఎవరుంటరు?"

"యజమాని. కానీ నాగేశ్వర్ రావుగారు సోమవారం హాలియాలో పెళ్లిలో ఉన్నారు. భోజనాల్లో వడ్డన కూడా ఆయనే చూసుకున్నారు. వందమంది చెప్తారు."

"ఇంకెవరు?"

జవహర్ నోరు తెరిచేలోగా గుమ్మంలో గాజులు చప్పుడయ్యాయి. నాగేశ్వర్ రావు భార్య శ్యామల, చేతిలో మజ్జిగ చెంబు. మిల్లు ఆవరణలోనే వాళ్ల ఇల్లు.

"ఎండన పడొచ్చిన్రు, ముందు తాగున్రి" అంది. బయట కాంటా అంచు మీద కూర్చున్న ఉప్పలమ్మకు కూడా గ్లాసు ఇచ్చి వచ్చింది. కొడుకును జైలుకు పంపిస్తున్నారని తెలిసీ ఆ తల్లికి మజ్జిగ ఇవ్వగలిగిన మనిషిని చూసి నాకు ముచ్చటేసింది, ఏమాటకామాట. కాటయ్య పేరెత్తగానే కళ్లు ఒత్తుకుంది. "ఇరవై ఏండ్లు మా ఇంట్ల మనిషి. ఆ పిల్లగాడు గట్ల చేస్తడనుకోలే."

"శ్యామలమ్మా, ఈ మిషన్ నడపడం ఇంట్ల ఎవరెవరికొచ్చు?"

"సారుకొచ్చు, కాటయ్యకొచ్చు. పెండ్లైన కొత్తల మా మామగారు నన్ను కూసోబెట్టేది. గప్పుడు పాత కాంటా. ఇప్పుడియ్యన్ని కంప్యూటర్లైనయి, నాకేం తెలుస్తయి?"

"ఈ కొత్త మిషన్ ఎప్పుడు పెట్టిన్రు?"

"పోయిన దసరాకు."

నేను మిషన్ ఆపేశాను. మళ్లీ ఆన్ చేశాను. ఏదో తట్టి చేశానని గొప్ప చెప్పను, ఏం చేయాలో తోచక చేశాను. మూడు కావడానికి ఎంతో లేదు. "జవహర్, నా స్కూటీని కాంటా ఎక్కిస్త. బరువు చూడు. మిషన్ సరిగ రాస్తున్నదో లేదో చూద్దాం."

వాడు మీటల మీద తడుముకుంటూ బండి నంబరు కొట్టబోయాడు.

"అయ్యయ్యో, ఆగున్రి!"

శ్యామల చెంబు కింద పెట్టి వాడి భుజం మీదుగా ముందుకు వంగింది. చూపుడు వేలు రెండు మీటల మీద టకటకా కదిలింది. మిషన్ కిర్రుమని ఒక ఖాళీ చీటీ కక్కింది. ఆమె దాన్ని చించి కళ్లకద్దుకుని పటం దగ్గర పెట్టింది. "బోణీ చెయ్యకుండ ముట్టుకుంటరా ఎవరన్నా? అరిష్టం."

జవహర్ ఆ మీటల వంకా ఆమె వేళ్ల వంకా చూశాడు. ఆ మిషన్ మీద రెండు నిమిషాల నుంచి తికమకపడుతున్నవాడు వాడే కదా, వాడికి బాగా తెలుసు.

"దసరాకు వచ్చిన మిషన్" అన్నాను. "మీకు తెల్వదన్నరు."

ఆమె కొంగు సర్దుకుంది. ముఖంలో భయం లేదు. విసుగు ఉంది, పిల్లలు అన్నం పారబోసినప్పటి విసుగు.

"సరే. కొట్టిన. అయితే ఏంది? ఆ రేషన్ బియ్యం లోడు దింపుకోకపోతే మిల్లు నడవది, మా సారుకు చెప్తే ఆయన గుండె ఆగుతది. ఆ ఫైల్ల లారీ నంబరు ఉన్నది గదా, సదివినవా?" ఒక్క క్షణం ఆగి గుమ్మం వైపు చూసింది. "గట్టిగ సదువు. బయట కూసున్న ఆయమ్మకు వినపడాలె. ఆ లారీ నడిపింది ఆమె పెద్దకొడుకు తిరుపతి. చిన్నోన్ని ఇడిపించుకోని పెద్దోన్ని ఉరికెక్కించుకుంటదో ఏమో, ఆమెనే అడుగు."

ఉప్పలమ్మ అప్పటికే గుమ్మంలో నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి నిలబడిందో.

"నా తిరుపతా?" అంది. ఎవరినీ అడిగినట్టు లేదు.

"తిరుపతి లారీ తోలబట్టి నాలుగేండ్లాయె" అంది నా వైపు తిరిగి. "లైనుకు పోతే పది దినాలైనా రాడు. బండి నడిపేటప్పుడు ఫోన్ చెయ్యకవ్వా అని ఒట్టు పెట్టిచ్చుకున్నడు, అందుకే నేను చెయ్య." కొంగు ముడి విప్పి చిన్న ఫోన్ తీసింది. "ఇయ్యాల చేస్త. వాన్నే అడుగుత. నా కొడుకు నాతోని అబద్ధమాడడు."

మీట నొక్కి చెవి దగ్గర పెట్టుకుంది. ఒక క్షణం తర్వాత బయట ఎక్కడో సన్నగా ఫోన్ మోగింది. నేను, జవహర్ ఒకేసారి కిటికీ వైపు తిరిగాం. గది వెనక, ఖాళీ స్థలానికి అవతల ఊక నింపే రేకుల షెడ్డు ఉంది. మోత అక్కడి నుంచే వస్తోంది. సోమవారం నుంచి ఊకతో మండే బాయిలర్ వెలిగించలేదు కనుక ఆ షెడ్డు వైపు ఎవరూ పోలేదు.

మోత ఆగింది. అటువైపు ఎత్తారు. ఉప్పలమ్మ చేతిలోంచి ఫోన్ తీసుకుని స్పీకర్ పెట్టాను.

"అవ్వా?" గొంతు నిద్రలోంచి లేచినట్టుంది. "ఎందుకు చేసినవే? ఏమైంది?"

"ఏడున్నవ్ రా?"

"మిల్లులనే. ఊక షెడ్డుల. శ్యామలమ్మ నాలుగు దినాలు ఈడనె ఉండుమన్నది. బువ్వ తనే తెచ్చిస్తున్నది. గడబిడ సల్లారినంక మఠంపల్లి దిక్కు సిమెంటు లోడుకు పంపిస్త అన్నది. బండి ఎనక దాసిపెట్టిన్రు." గొంతు తగ్గించాడు. "అవ్వా, కాటయ్య మామ పోయిండే. నా కండ్ల ముందే. తమ్మునికి ఫోన్ చేసిండని ఆమె ఎనక నుంచి కొట్టింది. నేను ఎనకదిక్కు లారీల ఉన్న, కిటికీల నుంచి కనబడ్డది, దిగేలోపటనే అయిపోయింది. నేనేం చెయ్యలేకపోయిన."

ఉప్పలమ్మ గోడను పట్టుకుంది. "నీ తమ్మున్ని పట్టుకపోయిన్రు రా. మామను సంపింది వాడే అంటున్నరు. మూడింటికి జైలుకు పంపుతరంట."

అటువైపు ఊక మీద మనిషి లేచిన సవ్వడి.

"లచ్చుమన్‌నా? వాడు ఆ పొద్దు ఈడ లేనే లేడు! నాకెవ్వరు చెప్పలే. వస్తున్ననే అవ్వా. ఎస్సై కాడికి నేనే వస్త. నేను సూసిన, నేను చెప్త."

ఆ మాటకు నాకు ప్రాణం లేచొచ్చింది. నాలుగు రోజుల చిక్కుముడి ఒక్క గొంతుతో విడిపోయింది. ఈ ఒక్కడు స్టేషన్ మెట్లెక్కితే చాలు, లక్ష్మణ్ ఇంటికొస్తాడు. శ్యామలకు ఆ మాట చెప్పాలని వెనక్కి తిరిగాను.

ఆమె అక్కడ లేదు. మజ్జిగ చెంబు నేల మీద ఉంది.

"ఏది?" అన్నాను జవహర్‌తో.

వాడి ముఖం పాలిపోయింది. "సారుకు ఫోన్ చేసొస్తానందండీ. నేనే పక్కకి జరిగా."

ఇద్దరం ఒకేసారి బయటికి, గది వెనక్కి పరుగెత్తాం. షెడ్డు తలుపుకు బయటి నుంచి గొళ్లెం పడి ఉంది, గొళ్లేనికి తాళం. రేకుల కింద సందులోంచి పలచగా పొగ వస్తోంది. ఊకలో నిప్పు పైకి మంటగా కనబడదు, లోపల్లోపల తినుకుంటూ పోతుంది. ఉప్పలమ్మ నన్ను తోసుకుని చెప్పులు వదిలేసి అటు ఉరికింది.

నా చేతిలో ఫోన్ ఇంకా మాట్లాడుతూనే ఉంది.

"అవ్వా, తలుపొస్తలేదే. అవ్వా..."